లెక్క చెప్పని మందలు

సూర్యాపేటలో ప్రాజెక్టు ఆఫీసు మూసేసిన రోజున నాకు అప్పగించిన సామాను ఆటోలో వెనక సీటు కూడా నిండలేదు. నీలం రంగు ఐస్ డబ్బా ఒకటి, గొర్రెలకు వేసే పెద్ద సిరంజిలు రెండు, సూదుల పెట్టె, గోడకు తగిలించుకునే కార్తెల పట్టిక. ఒళ్లో నా కూతురు. దానికప్పుడు ఎనిమిదో నెల. బస్టాండు దాకా ఆటో కుదిపినప్పుడల్లా ఒక చేత్తో పిల్లను, ఇంకో చేత్తో డబ్బాను పట్టుకున్నాను. ఆ తర్వాత చాలా రోజులు నా బతుకు అదే వాటంలో గడిచింది.

మా ఊరు హుజూర్‌నగర్ నుంచి మిర్యాలగూడ పోయే దారిలో, కాలవకు ఎగువన ఉంటుంది. కాలవ కింద వాళ్లకు వరి, ఎగువనున్న మాకు వాన నమ్ముకున్న చెలకలూ గొర్రెలూ. గొర్రెలు కాసే ఇళ్లు పదకొండు. నేను పుట్టింది కోదాడలో, బీఎస్సీ చదివింది సూర్యాపేటలో. గొర్రెను దగ్గరగా చూసింది మాత్రం పెళ్లయ్యాకే. మా ఆయనది వాడపల్లి దగ్గర సిమెంటు ఫ్యాక్టరీలో షిఫ్టు పని. మామయ్య నా పెళ్లికి ముందే పోయారు. కాబట్టి మందంతా అత్తయ్య చేతిదే. పొద్దున తోలుకుపోవడం, సాయంత్రం దొడ్లోకి తోలడం, పిల్లల్ని తల్లుల దగ్గర వదలడం అన్నీ ఆమే. నాకు అప్పజెప్పింది వంట, పిల్ల, రాత పని. రాత పని అంటే ప్రాజెక్టుదే. ఊళ్లో డిగ్రీ చదివిన కోడలు నేనొక్కదాన్నే అని నన్ను పెట్టుకున్నారు.

చిటుక రోగం గురించి మొదట విన్నది అత్తయ్య నోటనే. తొలకరి పడి పచ్చిక లేస్తుంది. ఏడాది పొడుగునా ఎండుగడ్డి నమిలిన గొర్రెలు ఆశ కొద్దీ మేస్తాయి. పొద్దున బాగానే ఉన్నది మధ్యాహ్నానికి కాళ్లు తన్నుకుంటూ పడిపోతుంది. అందులోనూ పుష్టిగా ఉన్నవే ముందు పోతాయి. ప్రాజెక్టు రాకముందు ఒక ఏడు మిరుగు వానలకు, మృగశిర కార్తెలో, మా అత్తయ్య మంద అట్లాగే పోయింది. మిగిలినవాటిని వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. ఆ నాలుగైదింటితోనే మళ్లీ మంద కట్టింది. ఒక్క ఆడ గొర్రెపిల్లను కూడా అమ్మకుండా, పొట్టేళ్లు మాత్రం అమ్ముకుంటూ, నేను ఆ ఇంట అడుగుపెట్టేసరికి దొడ్డి నింపింది. పెళ్లైన కొత్తలో నాకు నగలు చూపించలేదు. చెయ్యి పట్టుకుని దొడ్డి దగ్గరకు తీసుకుపోయి, "సూడు," అంది. అంతే.

ప్రాజెక్టు వాళ్లు మూడేళ్లు ఉండి నేర్పింది వినడానికి చాలా చిన్నది. గొర్రె పడ్డాక మందుకు పరుగెత్తడం కాదు, రోహిణి కార్తె రాగానే, వానలకు ముందే టీకా వేసెయ్యాలి. టీకా సీసా ఒకటి వంద గొర్రెలకు వస్తుంది. మూత తీస్తే ఆ రోజే అయిపోవాలి, మిగిలితే పారబోయాలి. అందుకని మందలన్నీ ఒకే రోజు ఒకే చోటికి రావాలి. సూది వేసేది బయటి మనిషి కాదు, ఊరి ఆడవాళ్లే. అందరిలోకీ చెయ్యి తిరిగింది మా అత్తయ్యదే. గొర్రె తొడ లోపల తోలు రెండు వేళ్లతో లేపి సూది దించుతుంటే, నా పిల్లకు టీకా వేసిన నర్సమ్మ కంటే అత్తయ్యే నయమనిపించేది. నర్సమ్మ రెండుసార్లు గుచ్చింది. అది నేను ఇప్పటికీ మర్చిపోలేదు.

ఆఫీసు మూసేముందు ఊళ్లో ఆఖరి మీటింగు పెట్టారు. ప్రాజెక్టు సారు మా పిల్లల్ని ఎత్తుకుని ఆడించిన మనిషే, అయినా ఆ రోజు మొహం గంభీరంగా పెట్టుకున్నారు.

"రేపటి నుంచి మేముండం. మేం పోయాక ఎట్లా నడుపుతారో చెప్పండి."

అందరూ పెద్దమామయ్య వైపు చూశారు. ఆయన మా మామయ్యకు అన్న, గొర్రెల ఇళ్లన్నిటికీ పెద్ద. "ఇన్నేండ్లు నడవలేదా సారూ, గట్లనే నడుస్తది," అన్నాడు.

"మేమున్నాం కాబట్టి నడిచింది కదా."

"గదే సారూ. మీరు పోతరు. మేం యాడికి పోతం? గీడనే ఉంటం."

చప్పట్లు కొట్టారు. టీకా కోసం ఏటా ఒక ఇంటి నుంచి ఒక పొట్టేలు ఇవ్వాలని, దాన్ని అమ్మి సీసాలు తేవాలని అక్కడే ఒప్పందమైంది. మొదటి పొట్టేలు నాదే అని పెద్దమామయ్య మీసం దువ్వుకున్నాడు. అంతా బాగానే ఉందనిపించింది. నాకు మాత్రం ఎక్కడో ఏదో తప్పుతుందనే అనిపిస్తూ ఉంది. నాకది అలవాటు. పిల్ల నిద్రలో ఊపిరి తీస్తోందా అని ముక్కు దగ్గర వేలు పెట్టి చూసే మనిషిని. డబ్బా ఇంటికొచ్చాక దాని మూత తీసి, పిల్ల నుదురు చూసినట్టే చెయ్యి వెనక్కి తిప్పి చల్లదనం చూసేదాన్ని. లోపల ఏమీ లేకపోయినా.

రోహిణి దగ్గర పడింది. ఎన్ని సీసాలు తేవాలో తేల్చడం నా పని. ప్రాజెక్టు రోజుల్లో సారు చేతికొచ్చినన్ని తెచ్చేవారు. మిగిలింది తుమ్మ చెట్టు కింద పారబోసేవాళ్లం. చూస్తే ప్రాణం ఉసూరుమనేది. ఇప్పుడు ఒక్క చుక్క వృథా కాకుండా తెస్తే అదే నా గొప్ప అనుకున్నాను. కొత్త నోట్‌బుక్కులో గీతలు గీసి, పిల్లను చంకనేసుకుని ఇంటింటికీ బయల్దేరాను.

"మామయ్యా, మీ మందలో ఎన్ని ఉన్నాయి?"

పెద్దమామయ్య గొంగడి ఈ భుజం మీంచి ఆ భుజానికి మార్చుకున్నాడు. "ఏమున్నయ్ బిడ్డా. ఏదో ఇరవై దాక బొచ్చుముక్కలు."

పక్కింటావిడ ఇంకా నయం. "మాయేడ మందమ్మా? నాలుగు కాళ్లు మోపినయ్, గంతే."

"నాలుగు కాళ్లంటే ఒకటేగా వదినా?"

"పదిహేను రాసుకోరాదు, నీ పెన్ను అరుగుతదా?"

అందరూ అదే వరస. ఆఖరికి ఇంటికొచ్చి అత్తయ్యను అడిగాను. "మనవెన్ని అత్తయ్యా?"

"ఉన్నయ్ తియ్."

"ఉన్నాయంటే?"

"ఉన్నయ్ అంటే ఉన్నయ్. గీ కోదాడ పిల్లతోని పరేషానే నాకు."

మాకు కంటి లెక్కన ఒక అంకె వేసేశాను. అన్నీ కూడితే రెండు వందలకు కాస్త తక్కువ. రెండు సీసాలు. అంత చక్కగా అతికేసరికి నాకెంత సంబరమైందో! మా ఆయన డ్యూటీ దిగి వస్తూ మిర్యాలగూడలో కొనుక్కొచ్చాడు.

ఆ పొద్దున ఊరి బయట బీడు నేలలో పదకొండు మందలు ఒక్కచోటికి చేరాయి. దుమ్ము లేచింది. ఆ దుమ్ములోంచి ఇంకా ఇంకా గొర్రెలు వస్తూనే ఉన్నాయి. నోట్‌బుక్కు తెరిచి నేను రాసుకున్న అంకెలు మళ్లీ చూసుకున్నాను. మందు మా ఇంట్లో ఉంది కాబట్టి ముందు ఊరివాళ్లవి, చివరికి మావి వెయ్యాలని అత్తయ్య ముందే అనుకుంది. మూడో ఇంటి మంద సగంలో ఉండగానే మొదటి సీసా అయిపోయింది. ఆరో ఇంటితో రెండోది.

"మామయ్యా, ఇరవై అన్నారు కదా!"

"ఇరవైకి తక్కువున్నయా?" అన్నాడు పెద్దమామయ్య, నిజంగానే ఆశ్చర్యపోతూ. "తక్కువుంటే అడుగు."

నలుగురు నవ్వారు. మాది పోను మిగిలిన నాలుగిళ్ల వాళ్లు మాత్రం నవ్వలేదు. వెనకనున్న ఒకావిడ కర్ర నేలకు ఆనించి, "గా సారు ఉన్నప్పుడు గిట్ల కాలే," అంది. మెల్లగానే అంది కానీ ఆ మాట అందరికీ వినిపించింది. మూడేళ్లు అతికష్టం మీద పోగైన నమ్మకం, ప్రాజెక్టు పోయిన మొదటి ఏడే చెదిరిపోతుందా అనిపించింది. ఈ ఏడు సగం మందలకే టీకా పడితే వచ్చే ఏడు ఎవరు తోలుకొస్తారు? నీలం డబ్బాలో బియ్యం పోసుకోవాలి. ఇంకా టీకా పడనివాటిలో, అన్నిటికంటే వెనక, నిలబడి ఉన్నది మా అత్తయ్య మందే.

అత్తయ్య సిరంజి తుడిచింది. లేచి నడుం మీద చేతులు వేసుకుంది. "ఏం కాలే. రేపు నా కోడలు మిర్యాలగూడ పోతది, తెస్తది. ఎల్లుండి పొద్దుగాల మళ్ల తోలుకరాన్రి."

మా ఆయనకు ఆ రెండు రోజులూ డ్యూటీ. పోవాల్సింది నేనే. అది సరే, ఎన్ని తేవాలి? ఇంకో పొట్టేలు ఇవ్వమని ఎవరినీ అడిగే మొహం నాకు లేదు. పెద్దమామయ్య పొట్టేలు అమ్మగా మిగిలినదాంతోనే సరిపెట్టాలి. ఎక్కువ తేలేను, తక్కువ తేకూడదు. లెక్క ఎవరూ చెప్పరు.

ఆ మధ్యాహ్నమే అంగన్‌వాడీ టీచరమ్మ తూకం యంత్రం పట్టుకుని మా ఇంటికొచ్చింది. దాన్ని చూడగానే పిల్లను ఒళ్లోకి లాక్కున్నాను. రెండు నెలల కింద తూచినప్పుడు పక్కింటివాళ్లందరి ముందు ఆమె అంకె గట్టిగా చదివింది. ఆ సాయంత్రమే పిల్లకు జ్వరం, దిష్టే అనుకున్నాను. అప్పటి నుంచి తూకమంటే ఏదో ఒకటి చెప్పి తప్పించుకుంటున్నాను.

"జలుబు చేసింది టీచరమ్మా, ఇవాళ వద్దు."

"పోయినసారి సుత గట్లనే అన్నవ్. పిల్ల బొద్దుగ కనబడుతుంది గద?"

"ఎక్కడ బొద్దు? ఏమీ తినదు," అన్నాను, పైట కొంగు పిల్ల మీద కప్పుతూ. అప్పటికి అది ఒక గిన్నెడు పప్పన్నం తిని కూర్చుంది.

వాకిట్లో సూదులు వేడినీళ్లలో కడుగుతున్న అత్తయ్య పగలబడి నవ్వింది. "అగో సూడు టీచరమ్మా! బీఎస్సీ సదివింది, కన్నబిడ్డ తూకం జెప్పది. మొన్నంత ఇల్లిల్లు తిరిగి మా గొర్ల లెక్క జెప్పమని పానం తీసింది!"

పిల్ల మీద కొంగు ఇంకాస్త సర్దాను. టీచరమ్మ కూడా నవ్వింది. కార్డు ఒళ్లో పెట్టుకుని, "సరేనమ్మా, తూకం సంగతి వొదిలేయ్. ఏం జేస్తుంది పిల్ల? పాకుతుందా? పండ్లొచ్చినయా?" అంది.

అంతే, నాకు నోరొచ్చింది. కింద రెండు పళ్లు వచ్చాయనీ, పైది ఒకటి ఉబ్బిందనీ, కుడి మోకాలు ముందు పెట్టి పాకుతుందనీ, కుక్కను చూస్తే 'బౌ' అనదు కానీ మేకను చూస్తే అంటుందనీ, మంచం కోడు పట్టుకుని నిలబడుతుందనీ ఆగకుండా చెప్పాను. టీచరమ్మ రాసుకుంటూనే ఉంది. ఆమె వెళ్లాక చూస్తే కార్డులో ఒక్క తూకం గడి తప్ప అన్నీ నిండాయి.

కార్డు చేతిలో పట్టుకుని అక్కడే కూర్చుండిపోయాను. తర్వాత వాకిట్లోకి వెళ్లి అత్తయ్య పక్కన గొంతుక్కూర్చున్నాను.

"అత్తయ్యా, ఎన్ని ఉన్నాయో నాకొద్దు. ఏవేవి ఉన్నాయో చెప్పు."

ఆమె నా మొహంలోకి చూసింది. సూది పక్కన పెట్టింది. ఆ మొహంలో వచ్చిన వెలుగు, దొడ్డి చూపించిన రోజున చూసిందే.

"ముందుగాల బొల్లిది. దాని పెద్దబిడ్డ, ముక్కు మీద బొట్టుది. చిన్నబిడ్డ ఉత్త పిరికిది, మోటరు సప్పుడుకే ఉరుకుతది. ఇగ కర్రెది. కర్రెదానికి పోయిన కార్తీకంల కవలలు. ఒగటి అచ్చం దానోలెనే, ఇంకోటి ఎవ్వలోలె పుట్టిందో దానికే ఎరుక..."

నేను ఒక్కో పేరుకు ఒక్కో గీత పెట్టుకుంటూ పోయాను. ఆమె ఎక్కడా తడుముకోలేదు. ఎవరి బిడ్డ ఎవరో, ఏది కాలవలో పడితే ఎవరు తీశారో, ఏది పెద్దమామయ్య జొన్నచేను మేసి తన్నులు తిందో అన్నీ చెప్పింది. సగంలో నా నోట్‌బుక్కు వైపు అనుమానంగా చూసింది.

"గా గీతలేంది?"

"పేరు పక్కన గుర్తు అత్తయ్యా."

"పెట్టుకో. గని గీడ కూర్చుని కూడకు. కూడేదుంటే ఊరు దాటినంక కూడు."

సాయంత్రం మందలు ఇళ్లకు చేరాక మిగిలిన నాలుగిళ్లకూ పోయాను. ఎన్ని అని అడగలేదు. "మీ మందలో అన్నిటికంటే గడుసుది ఏది?" అని మొదలుపెట్టాను. నాకు చాయ్ ఇచ్చి కూర్చోబెట్టారు. పొద్దున కర్ర ఆనించి మాటన్న ఆవిడే అందరికంటే ఎక్కువ చెప్పింది. ఆవిడ మొగుడు మధ్యలో ఏదో ఒక గొర్రె చెవి గురించి తప్పు చెబితే, "ఎడమ చెవి కాదు, కుడిది. నువ్వు కాసేది గొర్లనా, మబ్బులనా?" అని కసిరింది. ఇంకో ఇంట్లో ఒక ముసలి పొట్టేలును చూపించి, "ఇది నా పెండ్లికి కోద్దామనుకున్నది. ఆ దినం తాడు తెంపుకుని ఉరికింది. గందుకే మా ఇద్దరి కాపురం, దీని బతుకు ఒక్కతీరుగ సాగుతున్నయ్," అన్నాడు ఇంటాయన. ఆ పొట్టేలుకూ ఒక గీత పెట్టాను.

మర్నాడు పొద్దున బస్సు మా ఊరి పొలిమేర దాటాక నోట్‌బుక్కు తెరిచాను. ఒక తొడ మీద పిల్ల, ఇంకో తొడ మీద డబ్బా. గీతలు కూడాను. రెండుసార్లు. పిల్ల పెన్ను లాక్కుంటే మూడోసారి మొదటి నుంచి. సరిగ్గా రెండు సీసాలు కావాలి, ఒకటో రెండో సూదుల మందు మాత్రమే మిగులుతుంది. పక్క సీట్లో ముసలమ్మ డబ్బా మీద చెయ్యి వేసి, "పాలయిసానా బిడ్డా? ఒగటియ్యి," అంది. గొర్రెల టీకాలు పెట్టే డబ్బా అమ్మా అన్నాను. ఆమె లేచి ముందు సీటుకు పోయింది. పిల్లకు కాళ్లు చాపుకునే చోటు దొరికింది.

మిర్యాలగూడలో మిల్లుల ఊక గాలికి లేచి కళ్లలో పడుతోంది. ధాన్యం లారీల మధ్య నుంచి దారి చూసుకుంటూ పశువుల మందుల దుకాణానికి చేరాను. దుకాణం సేటు నా చేతిలో డబ్బా చూసి గుర్తుపట్టాడు.

"అమ్మా, మొన్ననే గద మీ ఇంటాయన రెండు సీసాలు తీస్కపోయె. అయిపాయెనా?"

"లెక్క తప్పింది సేటూ. గొర్రెలు ఎన్నని అడిగితే..."

"అడిగినవా?" సేటు గల్లా మీద చెయ్యి కొట్టి నవ్వాడు. "మా నాయిన కాలం నుంచి ఈ గద్దె మీద కూసుంటున్నం తల్లీ, ఒక్కడంటే ఒక్కడు లెక్క జెప్పలే. నేను మొహం జూసి ఇచ్చుడే. పది అన్నోనికి ముప్పై సూదుల మందు, లేవన్నోనికి వంద."

ఇంకా చల్లగానే ఉన్న సీసాలు ఇచ్చాడు కానీ ఐసు లేదు. పొద్దుటి నుంచి కరెంటు పోయి అతని ఫ్రిజ్‌లో ఐసంతా నీళ్లయింది. స్టేషన్ దగ్గర చేపలమ్మే చోట దొరుకుతుందన్నాడు. పిల్లకు ఎండ తగలకుండా కొంగు కప్పి అక్కడికి నడిచాను.

"చాపలు గొనకుంట ఐసేందమ్మా?" అంది చేపలావిడ. "ఐసు అమ్ముతే నా చాపలు ఏమైతయ్?"

వేరే దారి లేక ఒక చేప కొన్నాను. ఐసు ఇచ్చింది. సీసాలు ఐసుకు నేరుగా తగిలితే మందు గడ్డకట్టి పాడైపోతుందని సారు నేర్పారు. చుట్టడానికి ఇంకేమీ లేక సంచిలోంచి పిల్ల పాత జుబ్బాలు రెండు తీసి సీసాలకు తొడిగాను. చేపను వేరే కవర్లో కట్టుకున్నా, ఇంటికొచ్చి మూత తీసేసరికి డబ్బా అంతా కంపు.

"గొర్లకు మందు తెమ్మంటే కృష్ణల చాపలు బట్టకొచ్చినవా?" అంది అత్తయ్య. జుబ్బాలు తొడుక్కున్న సీసాలు అప్పుడు ఆమె కంటబడ్డాయి. ఒకదాన్ని చేతిలోకి తీసుకుని, పసిపిల్లను పట్టుకున్నట్టు పట్టుకుంది.

మర్నాడు పొద్దున మందలు మళ్లీ ఆ బీడులోకి వచ్చాయి. నాలుగిళ్లవీ అయ్యాయి. మావి ఆఖరున. బొల్లిది, దాని పెద్దబిడ్డ, పిరికిది, కర్రెది, కవలలు. ఈసారి ప్రతిదీ ఎవరో నాకు తెలుసు. చివరి గొర్రెకు వేశాక అత్తయ్య సీసాను వెలుగుకు పట్టి చూసింది. అడుగున కొంచెం మిగిలింది. అంత కొంచెమే తుమ్మ చెట్టు కింద పోసింది. నేను ఏడుస్తున్నానని పెద్దమామయ్య అందరికీ చెప్పాడు. దుమ్ము పడిందని నేనన్నాను.

అయితే టీకా వేయగానే పని చెయ్యదు. రెండు వారాలు పడుతుంది. మూడో రోజు సాయంత్రమే వాన పడింది. మిరుగు కంటే ముందే, ఎవరూ పిలవకుండా. వారం తిరిగేసరికి చెలకల మీద పచ్చటి నీడ లేచింది. ముందు టీకా పడ్డ మందలకు, మావాటికి తేడా రెండు రోజులే. కానీ నాకు ఆ రెండు రోజులు కొండంత.

అందరి మందలూ దొడ్లలోనే. ఎండు వరిగడ్డి, తుమ్మకాయలు మోసుకొచ్చి వేస్తుంటే గొర్రెలు వాటి వంక చూసి మా వంక చూసేవి. గాలి పచ్చిక వాసన మోసుకొస్తే అన్నీ ఒక్కసారి అరిచేవి. ఊరు ఊరంతా ఆ అరుపే. బడి పంతులు ఒకరోజు వచ్చి, "పిల్లలకు ఎక్కాలు వినపడటం లేదు," అన్నాడు. నేను రోజుకు పదిసార్లు దొడ్డి దగ్గరకు పోయి ఒక్కోదాని డొక్క ఎగిసిపడటం చూసేదాన్ని. "పిల్ల ముక్కుకాడ వేలు వెట్టినవ్, ఇగ గొర్లకు సుత వెడుతవా?" అంది అత్తయ్య. అంది కానీ, వేళ దొరికినప్పుడల్లా ఆమె కూడా కర్ర పట్టుకుని దొడ్డి వాకిట్లోనే కూర్చుంది. ఆ రోజుల్లో మా ఇద్దరికీ కుదిరినంత స్నేహం అంతకుముందు ఎప్పుడూ కుదరలేదు.

రెండు వారాలు నిండిన రోజున అత్తయ్య దొడ్డి తడిక తీసింది. బొల్లిది ముందు ఉరికింది, దాని వెనక అన్నీ. నేను పిల్లను ఎత్తుకుని వాటి వెంటే చెలకలోకి పోయాను. మధ్యాహ్నం దాకా మేశాయి. మధ్యాహ్నం దాటింది. నీడకు చేరి నెమరు వేశాయి. సాయంత్రం దొడ్లోకి తిరిగొచ్చేటప్పుడు అత్తయ్య తడిక పక్కన నిలబడి ఒక్కోదాన్ని మెడ మీద తట్టి లోపలికి పంపింది. పెదాలు కదిలాయి కానీ అంకెలు కావు, పేర్లు. ఆఖరిది లోపలికి పోయాక నా వైపు తిరిగి తల ఊపింది. ఒక్కటి కూడా, అని నేను నోరు తెరవబోతే చెయ్యి అడ్డం పెట్టింది. "ఊకో. అనకు."

ఆ వానాకాలం అంతా అట్లాగే గడిచింది. ఊళ్లో ఎవరూ ఆ మాట అనలేదు. అనకపోవడమే సంబరం.

మరుసటి ఏడు రోహిణికి ముందు నోట్‌బుక్కు పట్టుకుని బయల్దేరితే, నేను అడగకముందే పెద్దమామయ్య అరుగు మీద గొంగడి పరిచాడు. "కూసో బిడ్డా. రాసుకో. ముందుగాల జోడు కొమ్ముల పొట్టేలు..." ఏడాదిలో పుట్టినవాటి కథలు, పోయినవాటి కథలు అన్నీ చెప్పాకే లేవనిచ్చాడు. పదకొండిళ్లకు నాలుగు సాయంత్రాలు పట్టింది. బస్సు పొలిమేర దాటాక కూడాను. సీసాలు సరిగ్గా సరిపోయాయి. ఆ మరుసటి ఏడూ అంతే. నా కూతురికి మాటలు వచ్చాక నాతో పాటు వచ్చి, ఎవరింట్లో ఏ గొర్రె పేరు మర్చిపోయారో అదే అందించడం మొదలుపెట్టింది.

ప్రాజెక్టు పోయిన మూడో ఏడు సారు సూర్యాపేట నుంచి మళ్లీ వచ్చారు. ఇప్పుడు వేరే చోట పని చేస్తున్నారు. డబ్బులు ఆగిపోయాక ఏ ఊళ్లో ఏం మిగిలిందో చూసి రాయమని పంపారట. టీకా రోజునే వచ్చారు. మందలు, వరస, చేపకంపు ఎన్ని సార్లు కడిగినా పూర్తిగా వదలని నీలం డబ్బా, అన్నీ చూశారు. ఆయన కళ్లలో మెరుపు చూసి నాకూ సంతోషమైంది. చివర్లో కాగితం తీశారు.

"పెద్దాయనా, మొత్తం ఎన్ని గొర్రెలకు వేశారు?"

పెద్దమామయ్య ఆకాశం వైపు చూశాడు. పక్కింటావిడ కర్రతో నేల గీకింది. "నాలుగు కాళ్లు మోపినయ్ సారూ," అని ఎవరో అంటే మిగతావాళ్లు దగ్గుతున్నట్టు నవ్వారు. సారు నా వైపు తిరిగారు. నోట్‌బుక్కు ఇచ్చాను. ఆయన పేజీలు తిప్పి చదివారు. బొల్లిది, ముక్కు మీద బొట్టుది, మోటరుకు ఉరికేది. నవ్వు ఆపుకోలేక, వేలితో ఒక్కో గీతా తాకుతూ కిందికి జరపడం మొదలుపెట్టారు. అత్తయ్య చటుక్కున ఆ చెయ్యి పట్టుకుంది.

"సారూ, వేలు వెట్టకు. లెక్క ఊరు దాటినంకనే."

"మరి ఇక్కడ ఏం రాయాలమ్మా? ఈ గడి ఖాళీగా ఉంచకూడదు."

ఆమె నా వైపు చూసింది. నేను సారు చేతిలోంచి పెన్ను తీసుకుని, ఆ గడిలో రాసి కాగితం తిరిగి ఇచ్చాను. సారు దాన్ని పైకి చదివారు.

"ఉన్నవాటన్నిటికీ."

"గంతే," అంది అత్తయ్య, సిరంజి తుడుచుకుంటూ.